వెదురు గొట్టంలో మొదటి గుక్క

కొండలు కూడా కబుర్లాడుకునేవని పెద్దలు చెప్పే రోజుల్లో, కుంభగిరి రాజ్యానికి అడవి అవతల ఒకే ఒక తియ్యటి ఊట ఉండేది. వెదురు పని చేసే మేదరులుండే దిగువవాడ వాళ్లు దాన్ని తాకరాదని రాజు బాహుదత్తుడు శాసించాడు. మాంత్రికుడి చేత తన ద్వారపాలకుణ్ణే రాక్షసుడిగా మార్పించి కాపలా పెట్టాడు. దిగువవాడ యువకులు కర్రలతో వెళ్లి వాణ్ణి కొట్టారు. కొట్టిన ప్రతి దెబ్బకూ వాడు జానెడు పెరిగాడు.

ఆ ఏడు దిగువవాడ బావి ఎండిపోయింది. బుట్టలల్లే పైడమ్మ వాళ్ల అవ్వకు నాలుక పిడచకట్టుకుపోతోంది. ఆ మేదరి ఇళ్లల్లో ఒక ఆచారం ఉండేది. కోపంతో గుమ్మం తొక్కినవాడికి ముందు నీళ్లివ్వాలి, తర్వాతే మాట. "ఎండు వెదురు వంచితే విరుగుతుంది, తడిపితే వంగుతుంది. మనిషీ అంతేనే" అనేది అవ్వ. ఇప్పుడు ఇవ్వడానికి నీళ్లే లేవు. వాడంతా పోట్లాటలే.

పైడమ్మ వెదురు గొట్టం భుజాన వేసుకుని, వెదురు చీల్చే కత్తి పట్టుకుని అడవి దారి పట్టింది.

దారిలో ఒక ముని అడ్డొచ్చాడు. "కత్తి ఇక్కడ పెట్టి వెళ్లు తల్లీ" అన్నాడు.

"కత్తి లేకపోతే రాక్షసుడికి ఏం చూపించను తాతా?"

"నీ ముఖం చూపించు. ముందు నా చిలుక ముందు కూర్చో, చూద్దాం."

చిలుక కొమ్మ దిగి మొదలుపెట్టింది. "ఓసి గుమ్మడికాయ మొహమా! బుట్టల పిల్లా! నీకు ఊట నీళ్లు కావాలా?" పైడమ్మకు ఒళ్లు మండింది. రాయి అందుకుంది. మళ్లీ జారవిడిచింది. ఈలోగా ముని పెంచుకునే ఎలుగుబంటి వచ్చి నెత్తిన బురద కుమ్మరించింది. పైడమ్మ కళ్లు తుడుచుకుని అక్కడే కూర్చుంది. సాయంత్రానికి తిట్టీ తిట్టీ చిలుక గొంతు బొంగురుపోయింది. పైడమ్మకు నవ్వొచ్చింది.

"ఇక వెళ్లు" అన్నాడు ముని. "భయం ఉంటుంది, ఉండనీ. కోపం మాత్రం వాడికి తిండి. పెట్టకు."

పైడమ్మ కత్తి అక్కడే పెట్టి బయలుదేరింది. చిలుక ఆమె భుజమెక్కి వెంట వచ్చింది.

ఊట దగ్గర రాక్షసుడు కొండలా నిలబడి ఉన్నాడు. పైడమ్మ వెళ్లి వాడి కాళ్ల ముందు కూర్చుంది. "లే ఇక్కణ్ణుంచి!" అని గర్జించాడు.

"లేవను. నీళ్లు అందరివీ."

వాడు కాలితో తన్నాడు. పైడమ్మ ముళ్లలో పడింది. మోచెయ్యి చీరుకుపోయింది. లేచి వచ్చి అదే చోట కూర్చుంది. మళ్లీ తన్నాడు, మళ్లీ కూర్చుంది. ఏం చెయ్యాలో వాడికి తోచలేదు.

అంతలో ఆమెను వెతుక్కుంటూ అవ్వతో సహా దిగువవాడ జనం వచ్చారు. రక్తం చూసి కర్రలెత్తారు. ఆ కోపానికే రాక్షసుడు ఉబ్బసాగాడు.

"అన్నలారా! కర్రలు దించండి. వచ్చి నా పక్కన కూర్చోండి!" అని అరిచింది పైడమ్మ.

అందరికంటే ముందు అవ్వ తన చేతికర్ర పడేసింది.

"అది ఊతకర్రేగా, ఉంచుకో అవ్వా" అంది పైడమ్మ.

"ఊరుకోవే! ఆ తేడా రాక్షసుడికేం తెలుసు?"

జనం నవ్వారు. ఒక్కొక్కరే కూర్చున్నారు. వాడి ఉబ్బు ఆగిపోయింది. పైడమ్మ వాడి కాళ్ల సందున చెయ్యి చాచి గొట్టం నింపింది. అందరి గొంతులూ ఎండి ఉన్నాయి. అయినా ఆచారం ఆచారమే. గొట్టం పైకెత్తి రాక్షసుడికి పట్టింది.

వాడు తెల్లబోయాడు. ఇన్నేళ్లూ కాపలా కాసిన నీళ్లను రాజు వాడికీ తాగనివ్వలేదు మరి! మోకాళ్ల మీద కూలబడి గడగడ తాగాడు. తాగేకొద్దీ తగ్గి, చివరికి చెమటతో తడిసిన మామూలు ద్వారపాలకుడై ఏడ్చాడు.

ఈ సంగతి తెలిసి రాజు గుర్రం మీద దూసుకొచ్చాడు. "ఎవరిచ్చారు మీకు అనుమతి?"

వాడ జనం వరసగా తాగుతున్నారు గానీ, అవ్వ ఇంకా గుక్క మింగలేదు. తన వంతు గొట్టం రాజు ముందు పెట్టింది. "ఎండలో వచ్చావు నాయనా. ముందు తాగు, తర్వాత మాట."

రాజు ఆ ఎండిన పెదవుల వంక చూశాడు. గుర్రం దిగి, దిగువవాడ గొట్టంతో నీళ్లు తాగాడు. తనే వంగి గొట్టం నింపి అవ్వకిచ్చాడు.

ఆనాటి నుంచి ఊట అందరిదైంది. దానికి పెద్దగా పైడమ్మనే నిలిపారు. ఇప్పటికీ అక్కడ ఒక వెదురు గొట్టం వేలాడుతుందట. పైన కూర్చున్న చిలుక, వరస తప్పినవాడు రాజైనా సరే, "ఓరి గుమ్మడికాయ మొహమా!" అంటుందట.