పైకి చదవండి!

లిఫ్టు ఎత్తదు!

మెట్లే గతి. రెండేసి... మూడేసి... ఎగబాకుతున్నాడు తమ్ముడు.

ముఖానికి మాస్కు. చంకలో నైట్రోజన్ క్యాన్. మూత సందుల్లోంచి తెల్లటి పొగ!

"ఆగు! ఎవరు నువ్వు?"

వెనకాలే ఎంబ్రియాలజిస్టు మేడమ్. అండాన్నీ వీర్యకణాన్నీ కలిపి, పిండాన్ని అయిదు రోజులు సాకి, గడ్డకట్టించి దాచేది ఆవిడే. ఈ క్లినిక్‌లో తల్లులందరికన్నా ముందు తల్లి!

అన్న పోయి ఏడు నెలలు. మిగిల్చినవి రెండే. ఒక ప్రెస్సు, ఒక పిండం. బిడ్డ పుడితే ప్రెస్సు బిడ్డది. పుట్టకపోతే తమ్ముడిది. వీలునామా అంతే!

"ఈ వారమే కడుపులో పెట్టించుకుంటా" అంది వదిన.

పదిహేనేళ్లు ఆ ప్రెస్సులో సిరా పూసుకున్నది ఎవరు? వదినా?

ల్యాబ్ తలుపు పక్కన చిన్న క్యాన్ సిద్ధంగా ఉంది. పైన తమ ఇంటిపేరు. ఇంకేం చూడాలి?

క్యాన్ చేతికొచ్చింది. కాన్పు క్యాన్సిల్!

ఈ మెట్లు అతనికి కొత్త కాదు. మూడేళ్లుగా భార్యతో ఎక్కినవే. మూడుసార్లు పెట్టారు. మూడుసార్లూ నిలవలేదు. వాళ్లకీ ఇక ఒక్కటే...

డాబా! గాలి!

మూత ఊడబెరికాడు. రుమాలు చుట్టుకుని, లోపల పిండం దాచిన సన్నటి స్ట్రా పైకి లాగాడు.

"అయ్యో, బయటికి తియ్యకు! లోపల పెట్టెయ్!" గుమ్మంలో మేడమ్. రొప్పుతోంది. "ఆ అమ్మాయికి మిగిలింది అదొక్కటే!"

"తెలుసు. అందుకే!"

"దాని మీద నంబరు చూశావా? ఇంటిపేరు ఒక్కటీ చాలదు. ఇద్దరం నంబరు పైకి చదవందే ఇక్కడ మూతే తియ్యం. చదువు... దండం పెడతా!"

"క్లాసు పీకకండి మేడమ్. బడి ఎగ్గొట్టిన బాపతు!"

టప్!

స్ట్రా రెండు ముక్కలు.

మేడమ్ కూలబడింది. అతను ఊపిరాడక మాస్కు లాగేశాడు.

ఆవిడ చూపు అతని ముఖం మీద ఆగిపోయింది.

"సార్... మీరా?"

"నేనే. పిలుచుకోండి పోలీసుల్ని."

"మీ వదినగారిది కింద పెద్ద ట్యాంకులో ఉంది సార్. చిన్న క్యాన్‌లోకి తీసేది... మర్నాడు పెట్టబోయేదే."

జేబులో ఫోన్!

భార్య. స్పీకర్ మీద పడింది వేలు.

"ఏవండీ! ఎక్కడున్నారు? ఎల్లుండి కాదట, మనది రేపే పెడతారట! ఇప్పుడే ఫోన్ చేశారు. ఫారం నింపుతున్నా... మన నంబరు నాలుగు రెండు మూడు తొమ్మిదే కదా?"

ముక్క మీద మంచు తుడిచాడు.

నాలుగు... రెండు... మూడు...

"ఏవండీ, వింటున్నారా? కొంచెం పైకి చదవండి!"