రోమా సిపాయి కత్తి

శాంతయ్య పరిగెడుతున్నాడు.

వెనక చిత్తూరు స్టేషన్లో కాట్పాడి బండి కూత వేసి కదిలిపోయింది. టికెట్టు ఇంకా పిడికిట్లోనే ఉంది... పోతే పోనీ!

చీకటి ఇప్పుడిప్పుడే పడుతోంది. మిషన్ కాంపౌండులో ఈస్టర్ నాటకం మొదలయ్యే ఉంటుంది. మూడో రంగంలో రోమా సిపాయి కత్తి దూస్తాడు. ముసలి విశ్వాసి వేషం కట్టిన ఏకాంబరాన్ని డొక్కలో పొడుస్తాడు.

అది ఇనుప కత్తి.

దాన్ని ఎంచింది శాంతయ్యే!

ఏటా నాటకానికి సామాన్లు చూసేది అతనే. ఈ ఉదయం ధనంజయ డ్రామా సామాన్ల అంగడిలో కత్తులన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. పాస్టరుగారి పుస్తకంలో రోమా కత్తి బొమ్మ ఉంది. పొట్టిది, వంపు లేనిది, రెండు వైపులా అంచు. దుర్యోధనుడి కత్తి పొడుగు, పనికిరాదు. చివరికి రెండు మిగిలాయి. ఒకటి చెక్క, ఒకటి ఇనుము. తగరపు రేకు అంటించాక రెండూ ఒకేలా ఉన్నాయి.

శాంతయ్య రెండింటి మొనలూ బొటనవేలితో నొక్కి చూశాడు. రెండోది నెత్తురు తెచ్చింది.

దానికి పదునుందని ధనంజయ హెచ్చరించాడు. పెట్రోమాక్సు వెలుతురులో చెక్క మెరవదని శాంతయ్య అబద్ధమాడాడు. సరే, సాయంత్రం వేషాల పెట్టెతోపాటు జట్కాలో పంపుతానన్నాడు ధనంజయ.

ఏకాంబరం అంగీ కింద ఎర్రనీళ్ళు నింపిన మేక ఉచ్చబుడ్డ కడతారు. గట్టిగా పొడిస్తేగాని అది పగలదు. సిపాయి వేషం కట్టే జయరావు పంతులు ఏటా బలమంతా పెట్టి పొడుస్తాడు...

శాంతయ్య కాలి చెప్పు తెగింది. రెండోదీ విసిరేశాడు.

వీధిలో పిట్ట లేదు! ఊరు ఊరంతా నాటకానికి పోయింది. ఎవర్ని కేకెయ్యాలి? ఏడాదిగా తన ఇంట్లోనూ అంతే. భార్య ఆనందమ్మ పోయిన దగ్గర్నుంచి గిన్నెలో ఒక్కడి కూడే ఉడుకుతోంది. రోజంతా ఒక్క మాటైనా బయటికి రాని దినాలున్నాయి.

ఆమెకు విషజ్వరం వచ్చిన రాత్రి శాంతయ్య పోయి కాంపౌండర్ ఏకాంబరం ఇంటి తలుపు బాదాడు. లోపల దీపం వెలుగుతోంది. తలుపు తెరుచుకోలేదు. తెల్లవారేసరికి ఆనందమ్మ లేదు. ఆ తర్వాత ఏకాంబరంతో అతను ఒక్క ముక్క మాట్లాడలేదు. తలుపెందుకు తియ్యలేదని కనీసం అడగనూ లేదు.

ఇందాక ఊరొదిలి పోదామని స్టేషన్లో బండి కోసం కూర్చున్నాడు. పక్కన శనక్కాయలమ్మే గురవమ్మ మనవరాలిని ఆడిస్తోంది. పిల్లకు ఏడాది నిండిందట. ఆనందమ్మ పోయిన రాత్రే పుట్టిందట.

"కాన్పు కష్టమైతే ఏకాంబరమయ్యను పిల్చుకొచ్చినాం. దీపం కూడా ఆర్పకుండా పరిగెత్తొచ్చినాడు పాపం. తెల్లార్లూ మా ఇంట్లోనే ఉండాడు" అంది గురవమ్మ.

శాంతయ్య లేచి నిలబడ్డాడు. ఇంట్లో లేని మనిషి తలుపెలా తీస్తాడు?

అప్పుడు మొదలైంది పరుగు.

కాంపౌండు గేటు! చప్పట్లు... అయిపోయిందా? లేదు, మూడో రంగం మొదలైంది. స్టేజీ మీద ఏకాంబరం మోకాళ్ళూని ఉన్నాడు. జయరావు కత్తి దూశాడు.

జనాన్ని తోసుకుంటూ శాంతయ్య స్టేజీ ఎక్కాడు.

"ఆపండి! అది నిజం కత్తి... ఏకాంబరాన్ని సంపాలని నేనే పెట్టినా!"

జనం చప్పట్లు కొట్టారు. నాటకంలో భాగమనుకున్నారు. జయరావు చెయ్యి అప్పటికే విసురు మీదుంది.

ఫట్!

ఎర్రగా చిమ్మింది. ఏకాంబరం వెనక్కి పడ్డాడు.

శాంతయ్య అతని మీద పడి డొక్కంతా తడుముతున్నాడు. గాయం ఏది? గాయం లేదు... నీళ్ళు! ఉత్త ఎర్రనీళ్ళు!

కత్తి రెండు ముక్కలై పడి ఉంది. తగరపు రేకు చిరిగి చెక్క కనబడుతోంది.

ఇప్పుడు ఎవ్వరూ చప్పట్లు కొట్టడం లేదు. మూడో వరసలోంచి ధనంజయ లేచాడు. ముఖం పాలిపోయింది.

"ఇనుము కత్తి నా అంగడి గడప దాటాలంటే నిమ్మకాయ కోసి బొట్టు పెట్టాల. మీవోళ్ళు బొట్టుకు ఒప్పుకోరు. అడిగితే యాడ నొచ్చుకుంటారో అని చెప్పకుండా చెక్కదే పంపినా శాంతన్నా..."

ఏకాంబరం బతికే ఉన్నాడు! శాంతయ్యకు ఏడుపు ఆగలేదు. "ఆనందమ్మ పోయిన రాత్రి నువ్వు ఇంట్లో లేవని నాకిప్పుడే తెలిసింది..." అన్నాడు.

ముందు వరసలో కూర్చున్న సబ్ ఇన్‌స్పెక్టర్ టోపీ పెట్టుకుని స్టేజీ ఎక్కాడు. నాలుగు వందల మంది ముందు ఒప్పుకున్న మాట. ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. ఏకాంబరం ఒళ్ళంతా ఎర్రనీళ్ళతో లేచి, శాంతయ్య ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు.

శాంతయ్య చేతులు చాపాడు. బేడీలు పడ్డాయి.

"స్టేషనుకు తీసుకుపోతున్నాం. మీ ఇంట్లో ఎవరికి చెప్పాలి?" సబ్ ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"ఎవురూ లేరయ్యా."

శాంతయ్య తల వంచుకుని మెట్లు దిగబోయాడు. ఒక తడి చెయ్యి అతని భుజం పట్టుకుంది.

"నేనుండాను" అన్నాడు ఏకాంబరం.