మూత పెట్టాక వినపడేది

ఆదివారం మధ్యాహ్నం రెండయితే ఆ వీధిలో కుక్క కూడా కనపడదు. ఎదురుగా రేకుల ఫ్యాక్టరీ మూసేసుంటుంది. పక్కన లేతు మిషన్లవాళ్ళు షట్టరు దించేసి ఎటో పోతారు. కరెంటు శుభ్రంగా దొరికేది ఆ ఒక్క పూటే. మిగతా ఆరు రోజులూ ఎవడు ఏ మోటారు వేసినా, వాడి చెత్తంతా తీగల్లోంచి పాక్కుంటూ వచ్చి ఈ వర్క్‌షాపులో వీళ్ళ బల్ల మీద పడుతుంది. అందుకే అసలు కొలతలన్నీ ఆదివారమే పెట్టుకుంటారు.

పెట్టుకుంటారు అంటే, ఇప్పుడు ఒక్కడే. అందరూ చెవులోడంటారు. ముప్పై రెండేళ్ళొచ్చినా ఆ పేరు వదల్లేదు. మీటరు ముట్టుకోకుండా, హెడ్‌ఫోను చెవికి ఆనించి, ఇది యాభై హెర్ట్జు, ఇది వంద, ఇది బయట్నించొస్తోంది, ఇది మనదే అని చెప్పేస్తాడు. చదువు సగంలో మానేసి ఇంట్లో పడుంటే, "నీకు బుర్ర లేకపోతే పోయింది, చెవులున్నాయి కదరా" అని బావే తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టాడు.

బావ పోయి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు.

షట్టరు కింద నుంచి వంగి లోపలికొచ్చింది అక్క. ఒక చేతిలో క్యారేజీ, ఇంకో చేతిలో తను చుట్టిన కాయిల్స్ ఉన్న సంచి. ఈ వర్క్‌షాపులో కాయిల్స్, ట్రాన్స్‌ఫార్మర్లు అన్నీ అక్కే చుడుతుంది. ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని, పెదాలు కదుపుతూ చుట్లు లెక్కపెట్టుకుంటూ.

"తిన్నావా?"

"తర్వాత తింటా."

"మొన్నా అదే అన్నావు. ఆ తర్వాత ఏ నెలలో వస్తుందో చెప్తే అప్పుడే వండుతాను."

ఇదివరకైతే ఇద్దరూ నవ్వేవాళ్ళు. ఇప్పుడు అక్క క్యారేజీని కిటికీలో పెట్టింది. చెవులోడు సంచి తీసుకున్నాడు. అంతే.

బల్ల మీదున్నది నేలకి చెవి పెట్టే మిషను. రోడ్డు కింద నీళ్ళ పైపు ఎక్కడ కారుతోందో పైనుంచే విని కనిపెడుతుంది. అంత చిన్న చప్పుడు వినపడాలంటే దాన్ని లక్ష రెట్లు పెంచాలి. పెంచితే చిక్కేంటంటే, మిషనుకి కరెంటిచ్చే సప్లై బాక్సు చేసే చప్పుడు కూడా లక్ష రెట్లు అవుతుంది. నీళ్ళ చప్పుడు వినబోతే కరెంటు గోల వినపడుతుంది. ఆ గోల తగ్గించడమే ఎనిమిది నెలలుగా బావ పని. రేపు పొద్దున్నే నీళ్ళ ఆఫీసు ఇంజనీరు వచ్చి విని చూస్తాడు.

అక్క వచ్చింది ఇంజనీరు కోసం కాదు. "మీ బావ ఆఖరున ముట్టుకున్నది అదే," అంది నిన్న. "అది నోరు మూసుకోవడం నా చెవుల్తో నేను వినాలి."

చెవులోడికి కావాల్సింది ఇంకొకటి. బావ పోయిన రోజు ఏం జరిగిందో అక్కకి ఎప్పటికీ తెలియకూడదు.

జరిగింది చిన్న విషయమే. సప్లై బాక్సుకి ఒక ఎర్తు వైరు, మిషనుకి ఇంకో ఎర్తు వైరు. రెండు దారులయ్యేసరికి మధ్యలో హమ్ము, అంటే గుయ్యిమనే కరెంటు చప్పుడు, తిరుగుతుంది. ఎర్తులన్నీ ఒక్క చోటికి తెచ్చి కలిపితే పోతుంది గానీ, దానికి వైరింగంతా విప్పాలి, ఒక రోజు పడుతుంది. సప్లై బాక్సు ఎర్తు పీకేస్తే నిమిషంలో పోతుంది. ఈ పనిలో ఉన్న ప్రతి ఒక్కడూ ఎప్పుడో ఒకప్పుడు చేసిందే, ఎవడూ ఒప్పుకోడు. చెవులోడు బాక్సు తెరిచి, బోల్టు వదులు చేసి, ఆకుపచ్చ వైరు బయటికి లాగి, చివర టేపు చుట్టి పక్కకి వంచాడు. సాయంత్రం మళ్ళీ బిగిద్దాంలే అనుకున్నాడు.

బావకి కొన్ని అలవాట్లుండేవి. టేపు చుడితే చివర గోరంత మడత పెట్టేవాడు, మళ్ళీ ఊడదియ్యాలంటే పట్టు దొరకాలని. చెవులోడికి అంత ఓపిక లేదు. ఏ పెట్టెనైనా పట్టుకునేముందు బావ వేళ్ళ వెనకవైపుతో రెండుసార్లు తట్టేవాడు. టక్, టక్. షాకుంటే చెయ్యి దానంతటదే వెనక్కొస్తుంది. అరచేత్తో పట్టుకుంటే మాత్రం చెయ్యి మూసుకుపోతుంది, వదలదు.

ఆ రోజు తట్టబోయి ఆగి, "అన్నీ చూసావుగా?" అన్నాడు.

"చూసా బావా," అన్నాడు చెవులోడు. చూసింది హమ్ము ఒక్కటే.

బావ రెండు చేతుల్తో బాక్సుని పట్టుకున్నాడు. చెవులోడు ప్లగ్గు లాగడానికి నాలుగు సెకన్లు పట్టింది. బాక్సులోని ట్రాన్స్‌ఫార్మరు లోపలెక్కడో పొర దెబ్బతిని కరెంటు బాక్సు రేకుకి తగులుతోంది. ఎర్తు ఉండుంటే ఫ్యూజు పోయేది. గుండె ఆగిందన్నాడు డాక్టరు. ఆగింది గుండే. ఎందుకాగిందని ఎవరూ అడగలేదు. అంబులెన్సు వచ్చేలోపు చెవులోడు టేపు పీకి జేబులో వేసుకుని, ఆకుపచ్చ వైరుని బోల్టు కింద బిగించాడు. మూడో రోజు పాత ట్రాన్స్‌ఫార్మరు తీసి చెత్తబండిలో పారేసి, "ఇంకోటి చుట్టిపెట్టక్కా" అన్నాడు. ఎందుకని అక్క అడగలేదు.

ఆ పాతది చుట్టింది కూడా అక్కే. ఎర్తు సంగతి చెప్తే ట్రాన్స్‌ఫార్మరు సంగతీ చెప్పాలి. అక్క కోసమే నోరు మూసుకున్నానని చెవులోడు తనకి తనే చెప్పుకున్నాడు. మొదటి వారం అది నిజంలాగే అనిపించింది. తర్వాత ఏమీ అనిపించడం మానేసింది.

వర్క్‌షాపు చివర రాగి గది ఉంది. గది అనడానికి బీరువాకన్నా కొంచెం పెద్దది. గోడలకి, కప్పుకి, తలుపుకి రాగి జాలీ. తలుపేస్తే బయటి తరంగాలు లోపలికి రావు, ఫోను చచ్చిపోతుంది, మధ్యాహ్నం కూడా చీకటైపోతుంది. ట్యూబులైటు పెడితే గోల చేస్తుందని బ్యాటరీ దీపం ఒకటే. లోపల సోల్డరు పొగ వాసన ఎప్పుడూ ఉండేదే. బావ ఇక్కడే పడిపోయినప్పట్నించి, ఇరవై రెండు రోజులుగా, దాని కింద ఇంకో వాసన కూడా ఉంది. కాలిన వెంట్రుక వాసన. రెండుసార్లు తుడిచాడు. పోలేదు.

బయటి చప్పుడేదీ లోపలికి రాకుండా మిషను ఇన్‌పుట్‌కి రాగి మూత బిగించాడు. "మూత పెట్టాక వినపడేదంతా మన సొంత చెత్తేరా, వీధిని తిట్టి లాభం లేదు," అనేవాడు బావ. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. అక్క గుమ్మంలో స్టూలేసుకుని కూర్చుంది.

"ఏముంది?"

"వంద ఉంది. తుమ్మెదలా జుయ్యిమంటోంది."

అక్క తెచ్చిన కాయిల్, పెద్ద కెపాసిటరు కలిపి సప్లై దారిలో వేశాడు. తుమ్మెద చచ్చింది. దాని వెనక సన్నటి ఈల. డిస్‌ప్లే కోసం పెట్టిన చిన్న బోర్డు చేసే గోల అది. దాన్ని దూరంగా జరిపి, దానికి వేరే ఫిల్టరు పెట్టాడు. ఈల పోయింది. దాని వెనక, కరెంటుని నిలకడగా ఉంచే రెగ్యులేటరు బుస. ఇంకో రెగ్యులేటరు వేశాడు. బుస తగ్గి, పొడి ఇసక జారుతున్నట్టు మిగిలింది. ఇసక ఉంటుంది. దాన్ని ఎవరూ తియ్యలేరు.

"అయిపోయిందా?"

"అయిపోయినట్టే."

అన్నాడు గానీ హెడ్‌ఫోన్లు తియ్యలేదు. ఇసక వెనకాల ఇంకోటి ఉంది. చాలా కింద. చాలా దూరంగా. యాభై.

కొత్త ట్రాన్స్‌ఫార్మరు పెట్టినప్పుడే ఎర్తులన్నీ ఒక్క చోటికి తెచ్చేసాడు, ఈసారి పద్ధతిగా. యాభై ఉండకూడదు. సప్లై బాక్సుని మూరెడు దూరం జరిపాడు. మారలేదు. అటు తిప్పాడు. మారలేదు. సప్లై నుంచి మిషనుకొచ్చే వైరు పీకేసి బ్యాటరీలు తగిలించాడు.

అలాగే ఉంది.

"అక్కా, మెయిన్ తీసెయ్."

అక్క లేచి షట్టరు దగ్గరికెళ్ళింది. హ్యాండిలు కిందకి పడిన చప్పుడు. ముందుగదిలో ఫ్యాను ఊగిసలాడి ఆగింది. బిల్డింగంతా చచ్చినట్టయింది.

యాభై అంటే కరెంటు గొంతు. కరెంటు లేని చోట యాభై ఉండదు.

ఉంది.

బ్యాటరీలు కూడా పీకేశాడు. కెపాసిటర్లలో మిగిలిన కరెంటు ఖాళీ అవడానికి పది లెక్కపెట్టాలి. పెట్టాడు. ఎనిమిదో అంకె దగ్గర ఇసక ఆగిపోయింది. పది... పదిహేను... ఇరవై.

ఇప్పుడు చెవుల్లో యాభై ఒక్కటే ఉంది. శుభ్రంగా.

భయం వస్తుందేమోనని చూశాడు. రాలేదు. చేతులు ఎవరివో అన్నట్టు బల్ల మీదున్నాయి. ఆ హమ్ము కాసేపు ఉండి ఆగుతోంది... మళ్ళీ మొదలవుతోంది. ఎంతసేపుంటోందో లెక్కపెట్టాడు, అలవాటు కొద్దీ.

నాలుగు సెకన్లు.

ఆగింది. మళ్ళీ నాలుగు.

తర్వాత... టక్, టక్.

బోర్డు మీదుండే చిన్న కెపాసిటర్లకి ఒక జబ్బుంది. పెట్టె మీద తడితే మైకులాగా పట్టేసుకుంటాయి. కానీ ఎవరో ఒకరు తట్టాలి. అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది, రెండు చేతులూ కట్టుకుని.

"ఏంట్రా?" మెల్లగా అంది.

"ఏం లేదు."

"మొహం అలా పెట్టి ఏం లేదంటే నమ్మడానికి నేనేమన్నా ఇంజనీర్నా? ఇటివ్వు."

ఇచ్చేశాడు. అక్క జుట్టు వెనక్కి తోసుకుని హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. కళ్ళు నేల మీద. చాలాసేపు కదల్లేదు. దీపం వెలుగులో రాగి జాలీ నీడ ఆమె మొహం మీద గళ్ళుగళ్ళుగా పడింది.

"ఊఁ," అంది అక్క.

చెవులోడు తల ఎత్తాడు.

"ఊఁ... ఊఁ." ఫోనులో ఎవరో ఏదో తెమ్మంటుంటే వింటున్నట్టు.

తర్వాత అతని వైపు చూసింది. "మీ బావ అడుగుతున్నాడు."

"ఏమని?"

"ఎర్తెందుకు తీసావని."

ఈ మాట ఎప్పుడో ఒకరోజు వినపడుతుందని, వినపడ్డ రోజు అన్నీ కూలిపోతాయని అనుకున్నాడు ఇరవై రెండు రోజులూ. ఏమీ కూలలేదు. కిటికీలో క్యారేజీ చల్లారిపోయుంటుంది అని మాత్రం అనిపించింది.

"హమ్ము పోవడానికి."

"హమ్ము పోవడానికంట," అంది అక్క, పక్కగదిలో వాళ్ళకి అందిస్తున్నట్టు. విన్నది. "పోయిందా అని అడుగుతున్నాడు."

"పోయింది."

"పోయిందంట." మళ్ళీ విన్నది. "సరేలే అంటున్నాడు."

హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. వైరు చక్కగా చుట్టబోయి సగంలో ఆపేసింది.

"అది నేను చుట్టిన ట్రాన్స్‌ఫార్మరే కదా."

సగంలో ఆగిన వైరుని చెవులోడు అందుకుని చుట్టడం మొదలెట్టాడు.

"మూడో పొర దగ్గర మధ్యలో వేసే కాయితం చిరిగింది," అంది. "గోరంత. మొత్తం విప్పి మళ్ళీ చుట్టాలంటే బద్ధకమేసింది. ఏం కాదులే అని పైన ఇంకో పొర వేసేశా. నువ్వు ఇంకోటి చుట్టమన్న రోజే అర్థమైంది. నీకు తెలిస్తే బాధపడతావని చెప్పలేదు," అంది.

ఏడుపు రావాల్సిన చోట ఇద్దరికీ ఏమీ రాలేదు.

"మెయిన్ వేస్తా. తిందువుగాని రా," అని అక్క బయటికెళ్ళింది. వెళ్తూ వెళ్తూ తలుపు వదిలేసింది, దాని అలవాటే అంత, వదిలితే దానంతటదే మూసుకుంటుంది. వేలెడు సందు మిగిలింది.

చెవులోడు సప్లై బాక్సుని దగ్గరికి లాక్కున్నాడు. కొత్త ట్రాన్స్‌ఫార్మరు పెట్టాక దాన్ని మళ్ళీ తెరవలేదు. మూత మీద నాలుగు స్క్రూలూ తను బిగించినవే. ఆకుపచ్చ వైరు కూడా తన చేత్తోనే బిగించాడు, రెండు రోజులు వేలు నొప్పెట్టేంత గట్టిగా. అయినా చూడాలనిపించింది. నాలుగు స్క్రూలూ తీశాడు. ఎడమ అరచెయ్యి బాక్సు పక్క రేకుకి ఆనించి, కుడిచేత్తో మూత లేపి, దీపం వంచాడు.

బోల్టు కింద ఏమీ లేదు.

ఆకుపచ్చ వైరు పక్కకి వంచి ఉంది. చివర టేపు చుట్టి ఉంది. కొత్త టేపు. ఇంకా మెరుస్తోంది.

టేపు చివర... గోరంత మడత.

ట్రాన్స్‌ఫార్మరు వైపు చూడలేదు. చూస్తే పాతదే ఉంటుందనిపించింది. ప్లగ్గు గోడకే ఉంది. బాక్సు స్విచ్చి వేసే ఉంది. బయట అక్క అడుగులు, షట్టరు దాకా. హ్యాండిలు మీద చెయ్యి వేసిన చప్పుడు.

"వేస్తున్నా," అంది. "అన్నీ చూసావుగా?"

ఆగమనాలి. చెయ్యి తియ్యాలి. రెండిట్లో ఏది ముందో తేల్చుకోలేక ఉండిపోయాడు.

జవాబు బల్ల మీదున్న హెడ్‌ఫోన్లలోంచి వచ్చింది. గట్టిగానే. ధ్యాస వేరే పని మీద ఉన్నవాడిలా. తన గొంతే.

"చూసా బావా."

"సరే," అంది అక్క.

చెవులోడి అరచెయ్యి ఇంకా బాక్సు మీదే ఉంది.