నోళ్లు తెరిచిన లంచ్ టేబుల్

చర్చి బేస్‌మెంట్‌లో నడిచే డే కేర్ గుమ్మంలోనే ప్రమోద అతన్ని నిలదీసింది.

"మా మీనాకి రోజూ ముద్దలు పెడుతున్నది మీరేనా?"

"అవునండీ. నా పేరు హరనాథ్. మా ఆఫీస్ ఎదురుగానే. లంచ్ బ్రేక్‌లో మా అక్క కొడుకు రాజ్‌కి తినిపించడానికి వస్తాను. పక్కనే మీ పాప నోరు తెరుచుకుని కూర్చుంటే..."

"జాలేసి పెట్టేశారు! ఇప్పుడు ఆ టేబుల్ చుట్టూ అమెరికన్ పిల్లలు కూడా నోళ్లు తెరుచుకుని కూర్చుంటున్నారట! సోమవారానికల్లా మీనా తనంతట తను తినకపోతే వేరే చోటు చూసుకోమంది ఈ డే కేర్ నడిపే మిస్ డోరతీ."

హరనాథ్‌కి నవ్వొచ్చింది. ఆమె కళ్లల్లో నీళ్లు చూసి మింగేశాడు.

నవ్వే విషయం కాదు మరి. 1984లో, అమెరికాలోని అరోరాలో, హాస్పిటల్ ల్యాబ్ జీతంతో ఒంటరి తల్లికి నమ్మకమైన డే కేర్ దొరకడమంటే మాటలా! ప్రమోద అన్నీ తిరిగి చూసింది. ఒకచోట ఫీజు కడితే ఇంటద్దెకి మిగలదు. ఇంకోచోట పిల్లల్ని పొద్దస్తమానం టీవీ ముందు పడేస్తారు. ఈ చోటు పోతే ఉద్యోగం మానుకోవాల్సిందే.

"తప్పు నాది. శనివారం పాపని పార్క్‌కి తీసుకురండి, నేర్పిద్దాం" అన్నాడతను.

శనివారం ఒకటే వాన. పార్క్‌లో రేకుల షెల్టర్ కింద కూర్చుని హరనాథ్ పెరుగన్నం డబ్బా తెరిచాడు. మూడేళ్ల మీనా అలవాటుగా నోరు తెరిచింది. అతని చెయ్యి దానంతటదే లేచింది.

"చెయ్యి దించండి!" ప్రమోద గద్దించింది.

దించాడు. మీనా ఏడుపు లంకించుకుంది. అతనికీ ఏడుపొచ్చినంత పనైంది. ఏం చెయ్యాలో తోచక చివరికి తనే నోరు తెరిచాడు.

"అంకుల్‌కి ఆకలి, మీనా. నువ్వు పెడతావా?"

మీనా ఏడుపాపి చూసింది. బుల్లి చేత్తో ముద్ద తీసి సగం అతని నోటికి, సగం గడ్డానికి పెట్టింది. ఇంకోటి పెట్టింది. ఆ తర్వాతది, ఏమనుకుందో ఏమో, తన నోట్లో వేసుకుంది.

డబ్బా ఖాళీ అయ్యేదాకా తింటూనే ఉంది.

సోమవారం సాయంత్రం ప్రమోద మీనాని ఎత్తుకుని ఎదుటి ఆఫీస్ పార్కింగ్ లాట్‌లోకి పరుగెత్తుకొచ్చింది. "ఉంచుకుంటామన్నారు!" అంటూ హరనాథ్ చెయ్యి పట్టేసుకుంది. పట్టుకున్నానని తెలిశాక కూడా వదల్లేదు.

"నాకు డివోర్స్ అయిందని మీకు తెలుసా?" నెమ్మదిగా అడిగింది.

"తెలుసు. మా అక్కకి కూడా చెప్పాను."

"ఏమన్నారావిడ?"

"పిల్ల తినడం నేర్చేసుకుందిగా, ఇక ఏ వంకతో ఆమెని కలుస్తావురా, తిన్నగా అడిగెయ్ అంది."

ప్రమోద తలెత్తి అతని కళ్లలోకి చూసింది.

"మరి అడగరేం?"