సువార్త స్థాయి

సువార్తకి ఇరవై ఎనిమిదేళ్ళు. డ్యూటీ ఉన్న రోజు పొద్దున్నే అరగ్లాసు కాఫీ తాగిందంటే, మళ్ళీ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పేదాకా చుక్క నీళ్ళు ముట్టదు.

ఉద్యోగం మాత్రం నీళ్ళతోనే. నందివాగు ఫిల్టర్ ప్లాంటులో అసిస్టెంట్ ఇంజనీరు. సగం నగరం తాగే నీళ్ళు ఆమె కిటికీ కిందనుంచే పోతాయి. అప్పటికి ఆ నగరంలో వీధి కుళాయి కూడా వేలిముద్ర చూస్తేగాని తిరగదు, మనిషికి ఇన్ని లీటర్లని కొలిచి పోస్తుంది. అలాంటి రోజుల్లో చెరువంత నీటి ఒడ్డున కూర్చుని ఒక మనిషి పగలంతా నోరెండబెట్టుకుంటోందంటే ఎవరూ నమ్మరు. నమ్మాల్సిన అవసరం కూడా ఆ శుక్రవారం వరకూ ఎవరికీ రాలేదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆమె లాప్‌టాప్ ముందు కూర్చుని చెవి వెనక గోక్కుంటోంది. అక్కడ బొట్టుబిళ్ళంత పట్టీ ఒకటి అంటించి ఉంది. దాని పేరు తృష.

తృష పని చెప్పడం తేలికే. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో ఉప్పు శాతం కాస్త పెరుగుతుంది. మెదడులో ఒక చిన్న భాగం దాన్ని పసిగట్టి నోరు ఎండగడుతుంది. దాన్నే మనం దాహం అంటాం. తృష ఆ ఉప్పు లెక్కని చర్మం మీదనుంచే చదువుతుంది. ఇంతవరకూ పెద్ద వింతేమీ కాదు. వింతేమిటంటే, అది ఒకరి దాహాన్ని ఇంకొకరికి పంపగలదు. అవతలి మనిషి చెవి వెనక నరానికి అతి సన్నని కరెంటు ఇచ్చి మెదడుని మోసం చేస్తుంది. అతను కడుపునిండా నీళ్ళు తాగి ఉన్నా సరే, నాలుక అంగిలికి అంటుకుంటుంది. ఎన్ని నీళ్ళు తాగినా తీరదు, ఎందుకంటే ఆ దాహం అతనిది కాదు.

దీన్ని కనిపెట్టింది హైదరాబాదులో ఉండే డాక్టర్ వేదాచలం. వాడుతున్నది ఒక అంతర్జాతీయ ఆన్‌లైన్ కోర్సు. ఎక్కడో చలిదేశంలో దాని ఆఫీసు. నీటి సమస్యల మీద విద్యార్థులకీ, కుర్ర ఉద్యోగులకీ పాఠాలు చెబుతారు. నదీ ఒప్పందాలు, భూగర్భజలం, వరద లెక్కలు. చేరిన ప్రతి ఒక్కరికీ తృష పోస్టులో వస్తుంది. శుక్రవారం శుక్రవారం తెరమీద ప్రపంచపటం వెలుగుతుంది. తాగినవాళ్ళు నీలం చుక్క, దాహం వేసినవాళ్ళు ఎర్ర చుక్క. ఆ వారం అందరికన్నా ముదురు ఎరుపు ఎవరిదైతే వాళ్ళ దాహాన్ని గంటసేపు మిగిలినవాళ్ళందరికీ పంపుతారు. మొదటి మూడు వారాలూ ఎడారి దేశాల కుర్రాళ్ళే పంపారు. అందరూ కళ్ళు తుడుచుకున్నారు.

నాలుగో వారం ముదురు ఎరుపు నందివాగు మీద వెలిగింది.

ఎవరో పటాన్ని పెద్దది చేశారు. ఎర్ర చుక్క చుట్టూ నాలుగువైపులా నీళ్ళు! కోర్సు చాట్‌లో నవ్వుల బొమ్మలు కుప్పలుగా పడ్డాయి. "చేపకి దాహమేసిందా?" అని ఒకడు రాశాడు. కోర్సువాళ్ళు ప్రసారం ఆపేసి, 'పరికరంలో లోపం, పరిశీలిస్తున్నాం' అని తెర దించేశారు.

సువార్త లెక్కేసుకుంది. లోపం అంటే పేరు తీసేస్తారు. పేరు తీసేస్తే సర్టిఫికెట్ లేదు. సర్టిఫికెట్ లేకపోతే హెడ్డాఫీసు డిజైన్ విభాగంలో పోస్టు లేదు. ఆ పోస్టు ఎందుకు కావాలంటే కెరీర్ కోసం అని అందరికీ చెబుతుంది. అసలు సంగతి వేరు. హెడ్డాఫీసులో అంతస్తుకొక ఆడవాళ్ళ బాత్రూముంది. లోపల గొళ్ళెం కూడా పడుతుంది. ఈ ఏడాదిలోనే ఆమెకి మూడుసార్లు యూరిన్ ఇన్‌ఫెక్షన్ వచ్చింది. "ఫిల్టర్ ప్లాంటులో పనిచేస్తూ నీళ్ళు తాగవేంటమ్మా, ఏం పోయేకాలం?" అని డాక్టరమ్మ తిట్టింది కూడా.

సోమవారం వేదాచలం స్వయంగా దిగాడు. సన్నటి మనిషి, మెత్తటి గొంతు, చేతిలో పట్టీల పెట్టె. ప్లాంటు పెద్ద, ఈఈ నరసింహం, పూలగుత్తి తెప్పించాడు. జీడిపప్పు బిస్కెట్లు తెప్పించాడు. ఎదురుగా నీళ్ళ సీసాలు వరసగా పెట్టించాడు.

"మా అమ్మాయి బంగారం సార్," అన్నాడు. "చేరి నాలుగేళ్ళయింది. ఒక్క కంప్లైంట్ లేదు. నోట్లోంచి మాటే రాదు."

"నోరు ఎండిపోతే ఎట్లా వస్తుంది సార్," అని గుమ్మం దగ్గరనుంచి వినపడింది. ల్యాబ్ అటెండరు ఖైరున్నీసా. యాభై దాటిన మనిషి. సువార్త ఆమెని ఆపా అంటుంది. నరసింహం విననట్టు బిస్కెట్ల పళ్ళెం ముందుకి జరిపాడు.

వేదాచలం పాత పట్టీ తీసి కొత్తది అంటించాడు. ఎరుపు. దాన్నీ తీసి ఇంకోటి అంటించాడు. ఎరుపు. కళ్ళజోడు సర్దుకున్నాడు.

"పట్టీలో లోపం లేదమ్మా. నీకు నిజంగానే దాహంగా ఉంది."

"ఉంది సార్."

"సీసా నీ ముందే ఉంది."

"ఉంది సార్."

"మరి తాగవేం?"

సువార్త నరసింహం వైపు చూసింది. కోర్సుకి సిఫారసు ఉత్తరం ఇచ్చింది ఆయనే. బదిలీ కాగితం మీద సంతకం పెట్టాల్సిందీ ఆయనే.

"అలవాటు లేదు సార్," అంది.

నరసింహానికి ఉత్సాహం పుట్టుకొచ్చింది. "నాకోసారి పెట్టండి సార్, అదేదో చూద్దాం," అని చెవి చూపించాడు. వేదాచలం ఆయనకొకటి, తనకొకటి అంటించుకుని సువార్త దాహాన్ని ఇద్దరికీ కలిపాడు.

ముందు నరసింహం పెదాలు తడుపుకున్నాడు. తర్వాత సీసా ఎత్తాడు. అది ఖాళీ అయింది. ఇంకోటెత్తాడు. "ఇదేంటి సార్, గొంతులో ఇసక పోసినట్టుంది," అన్నాడు. వేదాచలం దాహం తత్వం తెలిసినవాడు, అయినా ఆగలేకపోయాడు. ఆయనా గటగటా తాగాడు. తాగినకొద్దీ ఎండుతోంది. కాసేపట్లో వరస సీసాలు నేలమీద దొర్లుతున్నాయి. పట్టీలు పీకేసుకున్నారు. ఆ తర్వాత నరసింహం కుర్చీలో అటూ ఇటూ కదిలి, "ఇప్పుడే వస్తా" అని లేచి పంపుహౌసు గోడ వెనక్కి నడిచాడు. రెండు నిమిషాలకి వేదాచలం కూడా సిగ్గుపడుతూ అటే వెళ్ళాడు.

ఖైరున్నీసా కిటికీలోంచి చూసింది. "చూడండి మేడమ్, దాహం మీది, నీళ్ళు వాళ్ళవి, గోడ సర్కారుది."

సువార్తకి నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుంది. "నవ్వించకు ఆపా, ఆపుకోలేను."

వేదాచలం రుమాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి ఖైరున్నీసా ఎదురు నిలబడింది.

"మా గోడ బాగుందా సార్?"

ఆయనకి అర్థం కాలేదు.

"మీరు వెళ్ళొచ్చారు. ఈఈ గారు వెళ్ళొచ్చారు. ఈ మేడమ్ ఎక్కడికెళ్ళాలో చెప్పండి, సీసా మొత్తం తాగిస్తాను."

వరండా చివర ఒక గది చూపించింది. తలుపు మీద 'స్త్రీలు' అన్న బోర్డు. లోపల నేలనుంచి కప్పుదాకా పటిక బస్తాలు.

"టెంపరరీ సార్," నరసింహం వెనకనుంచి వచ్చి అందుకున్నాడు. "పటిక తడిస్తే గడ్డకడుతుంది. నీళ్ళు తేరకపోతే ఊరంతా గొడవ."

"ఎన్నాళ్ళయింది పెట్టి?"

"నేను రాకముందునించీ ఉన్నాయి సార్."

వేదాచలం కళ్ళు మెరిశాయి. సువార్త కోసం కాదు. గబగబా బల్ల దగ్గరికి వచ్చి, లాప్‌టాప్ తెరిచి, ప్రపంచపటంలో మగవాళ్ళ చుక్కలన్నీ తీసేసి ఆడవాళ్ళవి మాత్రమే ఉంచాడు. పగటిపూట, పనివేళలు. ఎడారి లేదు, నదీతీరం లేదు. పటం నిండా ఎరుపే. సర్వేకి పోయేవాళ్ళు, బస్సులు నడిపేవాళ్ళు, బట్టలకొట్టులో నిలబడేవాళ్ళు, బడిపంతులమ్మలు.

"అద్భుతం," అన్నాడాయన. "ఇది ఎవరి కంటా పడలేదు."

"మేమందరం చూస్తూనే ఉన్నాం సార్," అంది సువార్త. ఆయన వినలేదు, పటం బొమ్మలు దాచుకుంటున్నాడు.

ఆ శుక్రవారం ప్రసారం జరిగింది. పంపే ముందు రెండు మాటలు చెప్పమన్నారు. సువార్త రాత్రంతా ఏవేవో రాసుకుని, తీరా మైకు ముందు ఒక్కటే చెప్పింది. "నా దగ్గర నీళ్ళున్నాయి. తాగితే వెళ్ళడానికి చోటు లేదు." నరసింహం ఆ మాట వింటాడని తెలుసు. అయినా అనేసింది.

గంటసేపు నలభై దేశాల్లో నోళ్ళు ఎండాయి. చాట్‌లో ముందు మగపిల్లలు గోల పెట్టారు. ఎలా భరిస్తున్నావని అడిగారు. పావుగంటకే కొందరు పట్టీలు పీకేశారు. నైరోబీనుంచి వాంజికు అనే సర్వే ఇంజనీరు రాసింది: "నాకేమీ తేడా తెలియలేదు. నా దాహమూ ఇంతే." దాని కింద, నేనూ, నేనూ, నేనూ అని రకరకాల భాషల్లో. సువార్త ఆ వరస చదువుతూ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయింది. లేచి తిరిగింది. ఏదో జరగబోతోందనిపించింది. ఇన్ని దేశాలు చూశాక జరక్కుండా ఎలా ఉంటుంది?

జరిగింది. నరసింహం ఆమె గదిలో కొత్త వాటర్ కూలర్ పెట్టించాడు. ఫొటో తీయించి పైకి పంపాడు.

తర్వాతి శుక్రవారాల్లో ప్రతిసారీ ముదురు ఎరుపు ఎవరో ఒక ఆడమనిషిదే. కోర్సుకి డబ్బిచ్చేవాళ్ళకి ఇది నచ్చలేదు. ఒక ఉదయం వేదాచలం ఫోన్ చేశాడు.

"అమ్మా, చిన్న మార్పు చేస్తున్నాం. ఆడవాళ్ళకి ఎరుపు ఎక్కడ మొదలవ్వాలో ఆ గీత పైకి జరుపుతున్నాం."

"అంటే?"

"ఏ దేశంలో చూసినా పనిచేసే ఆడవాళ్ళలో ఎక్కువమంది ఇదే స్థాయిలో ఉన్నారు. ఎక్కువమందికి ఉన్నదాన్నే శాస్త్రంలో సాధారణం అంటాం."

"అయితే నాకు దాహం లేదంటారా?"

"ఉందమ్మా. కానీ సాధారణంగా ఉంది." ఆయన గొంతు తగ్గించాడు. "చూడు, ఇది నీటి కోర్సు. నీది నీళ్ళు లేక వేసిన దాహం కాదు. వాళ్ళ దృష్టిలో ఇది సదుపాయాల సమస్య. దానికి వేరే కోర్సు ఉంటుంది."

"ఉందా?"

"నాకు తెలీదు. ఈ స్థాయి తొలిసారి నీ దగ్గర దొరికింది గనక నీ అంగీకారం తప్పనిసరి. తెరమీద బటన్ వస్తుంది. కొత్త గీతకి నీ పేరే పెడుతున్నాం, సువార్త స్థాయి అని. ఇది చిన్న గౌరవం కాదు."

"నొక్కకపోతే?"

"నీ డేటా లోపంగా లెక్కేసి తీసేస్తారు. డేటా లేనివాళ్ళకి సర్టిఫికెట్ రాదు. నా చేతుల్లో లేదమ్మా."

సువార్త ఫిల్టర్ బెడ్ల గట్టుమీద అటూ ఇటూ తిరిగింది. ఒక చివరనుంచి ఇంకో చివరకి, మళ్ళీ వెనక్కి. కింద నీళ్ళు తేటగా కదులుతున్నాయి. ఖైరున్నీసా శాంపిల్ సీసాలు మోసుకుంటూ వచ్చి పక్కన ఆగింది. సంగతంతా విని అడిగింది.

"మీరు నొక్కకపోతే ఆ బస్తాలు తీస్తారా?"

"తియ్యరు."

"నొక్కితే మీకు హెడ్డాఫీసు."

"ఊఁ."

"మరి నొక్కండి. ఇద్దరం ఇక్కడ నోరెండి చావడం దేనికి?" సీసాలు సర్దుకుని నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "నొక్కమన్నది నేనని మాత్రం ఎక్కడా చెప్పకండి. ఆ నైరోబీ పిల్ల మొహం చూడలేను."

సువార్త నొక్కింది. ఆమె చుక్క నీలమైంది. నాలుక అంగిలికి అంటుకునే ఉంది. వాంజికు చుక్క కూడా నీలమైంది. పటమంతా ఒక్క క్షణంలో సముద్రం రంగుకి మారింది. 'మీ దాహం సాధారణ పరిధిలో ఉంది, అభినందనలు' అని ప్రతి ఆడమనిషి ఫోనుకీ సందేశం వెళ్ళింది. ఆ శుక్రవారం ముదురు ఎరుపు ఒక చలిదేశపు కుర్రాడిది. సరదాకి నలభై కిలోమీటర్లు పరిగెత్తి వచ్చాడు. అతని దాహాన్ని గంటసేపు ప్రపంచమంతా అనుభవించి చప్పట్లు కొట్టింది.

సర్టిఫికెట్ వచ్చింది. నరసింహం సంతకం పెట్టాడు, గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు కూడా. సువార్త డిజైన్ విభాగంలో చేరింది. మొదటిరోజు మంచినీళ్ళ సీసా ఖాళీ చేసి, వరండాలో నడిచి వెళ్ళి, గొళ్ళెం పెట్టుకుని, లోపల చాలాసేపు ఏడ్చింది.

ఏడాది తిరిగేసరికి కొత్త ఫిల్టర్ ప్లాంటు ప్లాను ఆమె బల్లమీదికి వచ్చింది. అందులో లేని ఆడవాళ్ళ బాత్రూములు రెండు తనే గీసి పైకి పంపింది. ఫైలు వారంలో తిరిగొచ్చింది. గీసిన చోట ఎర్రసిరాతో ఒక వాక్యం ఉంది: 'సువార్త స్థాయి ప్రకారం స్త్రీ సిబ్బందికి పనివేళల్లో నీటి అవసరం తక్కువ. కనుక ఇవి అనవసరం.' కింద ఆమె సంతకానికి ఖాళీ వదిలారు.

సువార్త రెండు గదులూ చెరిపేసి సంతకం పెట్టింది.