ఇత్తడి దీపంలో దయ్యం

అమావాస్య... అపరాహ్ణం! మెదకు మీద కారుమేఘాలు కమ్ముకుని పట్టపగలే గాఢాంధకారం. ఉరుముల భీకర గర్జనకు వేళ మరిచిన గుడ్లగూబ ఎక్కడో కూసింది. రాంచందర్ నడిమింట్లో పసుపుకుంకుమల ముగ్గు... మధ్యన కపాలం... దాని ముందు తడిచీరతో అతని భార్య ఐలవ్వ! పైన వెలుగుతూ వేలాడుతోంది ఇత్తడి దీపం.

అది ఇంటికి వచ్చాకే ఈ ఘోరమంతా. ఆ ఇంటి కరెంటు వైరింగు నిజాం జమానాలో వేసిన రెండు తీగలది. రాంచందర్ పింగాణీ హోల్డర్ పీకేసి, హైదరాబాదు వేలంలో కొన్న ఆ దీపాన్ని తానే బిగించాడు; లోపలి తీగ ఇత్తడికి తగులుతున్నా చూసుకోలేదు. భూమిలోకి పోయే ఎర్తు తీగ ఆ ఇంట్లో ఏనాడూ లేదు. ఇల్లలికిన తడికాళ్లతో దీపం తుడిచినప్పుడల్లా ఐలవ్వ గిలగిలలాడి పడిపోయేది. ఎండిన మంచమెక్కి ముట్టిన మొగుడికి ఏమీ కాలేదు. ఇంకేముంది, కోడలికి బాణామతి దయ్యం పట్టిందని అత్త కిష్టవ్వ తేల్చేసింది. తీగను అనుమానించడం కంటే కోడలిని అనుమానించడం ఎంత సులువు!

రేగోడ్ నుంచి వచ్చిన మాంత్రికుడు నర్సింగం పట్టకారు తీశాడు. ఐలవ్వ ముందుపళ్లు పీకితే దయ్యం నోరు పడిపోతుందట. అందరి చెప్పులు విప్పించాడు, నేలంతా నీళ్లు కుమ్మరించాడు. తడి లేకుంటే మంత్రం పారదట!

రాంచందర్ పెళ్లాం భుజాలు అదిమిపట్టాడు. ఐలవ్వ ఏడవలేదు.

"దయ్యం నాల లేదు, దీపంల ఉన్నది. తడికాళ్లతోని ముట్టకుండ్రి, సంపుతది."

నర్సింగం వికటంగా నవ్వాడు. "నన్ను సంపే దమ్ము దానికున్నదా? గిప్పుడే గుంజి కపాలంల బంధిస్త, సూడుండ్రి."

నీళ్లలో వట్టికాళ్లతో నిలబడి దీపాన్ని రెండు చేతులా ఒడిసిపట్టాడు...

బయట ఫెళ్లున పిడుగు! లోపల మంత్రం గొంతులోనే తెగింది... వదలాలన్నా వేళ్లు వదలవు... కనుగుడ్లు తేలిపోయాయి! రాంచందర్ చేతులు జారిపోయాయి. ఐలవ్వ లేచి ఎండిన రోకలి అందుకుంది. మెయిన్ స్విచ్చి ముందు ఒక్క క్షణం ఆగింది. నేల మీది పట్టకారు వైపు చూసింది. ఆ తర్వాతే రోకలితో మెయిన్ దించింది.

చీకటి. నర్సింగం మొద్దులా కూలాడు. మళ్లీ లేవలేదు.

"దయ్యం పోయిందా బిడ్డా?" అని కిష్టవ్వ అడిగింది.

ఐలవ్వ పట్టకారు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"యాడికి పోతది అత్తా, తీగలనే ఉన్నది. పో, దాని పళ్లు పీకు."