ముప్పయ్యో ల్యాప్‌లో ఖాళీ అయిన సీటు

భార్య కనబడటం లేదని చెప్పడానికి అతను వచ్చేసరికి రేసు ఇంకా నడుస్తూనే ఉంది.

సమయం నాలుగుంపావు.

గ్రాండ్‌స్టాండ్ మెట్ల కింద ప్లైవుడ్‌తో కట్టిన పోలీస్ ఔట్‌పోస్ట్. ఒక టేబుల్, మూడు కుర్చీలు, ఒక వైర్‌లెస్ సెట్. పైన మలుపులో కార్లు తిరిగినప్పుడల్లా గ్లాసులో నీళ్ళు వణుకుతున్నాయి.

"ఎంతసేపయింది?" అడిగింది ఎస్.ఐ.

అతను నోరు తెరిచాడు. కార్లు వచ్చాయి. పెదవులు కదిలాయి కానీ మాట వినబడలేదు.

"గట్టిగా చెప్పండి!"

"ముప్పావుగంట మేడమ్! బాత్‌రూమ్‌కని లేచింది! ముప్పయ్యో..."

మళ్ళీ కార్లు.

ఆ వాంగ్మూలం అలా ముక్కలుముక్కలుగానే వచ్చింది. పొద్దున పదింటికి ఇద్దరూ వచ్చారు. సీట్లలో కూర్చున్నారు. చిన్న రేసులన్నీ చూశారు. మూడింటికి అసలు రేసు మొదలైంది. ముప్పయ్యో ల్యాప్‌లో ఆవిడ సంచీ సీట్లో పెట్టి, ఇప్పుడే వస్తానని లేచింది. ఇంతే. మళ్ళీ రాలేదు.

నలభై అయిదేళ్ళుంటాయి అతనికి. ఇస్త్రీ చొక్కా, కొత్త టోపీ. భార్య సంచీని పసిబిడ్డలా గుండెకి హత్తుకుని ఉన్నాడు.

"అదిలా పెట్టండి."

పెట్టాడు. టేబుల్ మీది తెల్లకాగితాల మీద నల్లటి పొడి జలజలా రాలింది. హెడ్ కానిస్టేబుల్ చటుక్కున గుడ్డ తీసి తుడిచేశాడు. అతనికి రేసంటే ప్రాణం. అయినా డ్యూటీ స్టాండ్ కింద పడింది. "పెళ్ళికొచ్చి వంటింట్లో కూర్చున్నట్టుంది మేడమ్," అని పొద్దున్నుంచి పదిసార్లు అన్నాడు.

సంచీలో ఒక చేతిరుమాలు. మడత పెట్టిన పసుపుపచ్చ జెండా. ఒక ఫోన్.

"ఫోన్ వదిలేసి వెళ్ళిందా?"

"కంగారు మనిషి మేడమ్."

"పొద్దున ఏమైనా గొడవ పడ్డారా?"

"అబ్బే." అతను కళ్ళు తుడుచుకున్నాడు. "ఈమధ్య దాని మనసే బాగోలేదు. అర్ధరాత్రి లేచి కూర్చునేది. ఏం చేసుకుందోనని నా భయం మేడమ్."

ఆ మాట వైర్‌లెస్‌లో పైకి వెళ్ళింది. అయిదు నిమిషాల్లో డి.ఎస్.పి. ఆర్డర్ కిందికి వచ్చింది. పార్కింగ్ వెనక పాత క్వారీ గుంట ఉంది. ఈతగాళ్ళని పిలిపించి వెతకండి.

గేటు దగ్గర రికార్డులో రెండు టికెట్లూ స్కాన్ అయ్యాయి. పది గంటలా ఆరు నిమిషాలకి. ఒకదాని వెంట ఒకటి. కెమెరాలో చూస్తే తలలే తలలు, టోపీలే టోపీలు.

నాలుగూ నలభైకి రేసు ముగిసింది. పైన ఎనభై వేలమంది ఒక్కసారి అరిచారు. హెడ్ ఆగలేక బయటికి పరిగెత్తాడు, రెండు నిమిషాల్లో వెలిగిపోతున్న ముఖంతో తిరిగొచ్చాడు. "ఎవరు గెలిచారంటే మేడమ్..."

"నోర్మూసుకుని సాక్షుల్ని పట్టుకురా."

ఒక్కడు దొరికాడు. వాళ్ళ వెనక వరసలో కూర్చున్న దర్జీ. ఏటా వచ్చే మనిషే. చెవులకి పెట్టుకునే పెద్ద డిప్పలు ఇంకా మెడలో వేలాడుతున్నాయి.

"చూశానండీ. ఒకావిడ లేచి వెళ్ళింది."

"నీలం చుడీదారా?"

"ఆఁ, నీలమే."

"కళ్ళజోడు ఉందా?"

"ఉందండీ, ఉంది."

భర్త అయోమయంగా చూశాడు. "దానికి కళ్ళజోడు లేదు మేడమ్."

దర్జీ గొంతు తగ్గింది. "నిజం చెప్పాలంటే, కార్లు తిరుగుతుంటే పక్కన ఏనుగు కూర్చున్నా తెలీదండీ. ఆడవాళ్ళు ఎక్కుతూనే ఉన్నారు, దిగుతూనే ఉన్నారు. ఆవిడ సీటు మెట్ల పక్కదే కదా."

ఎనభై వేలమంది. చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఎస్.ఐ. లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి. కానీ కూర్చోనివ్వనిది మోకాళ్ళు కాదు. ఏదో చూసింది తను. చూసి వదిలేసింది. పొయ్యి మీద పాలు పెట్టి వీధిలోకి వచ్చేసినట్టు ఒకటే గుబులు.

అయిదూ ఇరవైకి స్కూటర్ మీద చెల్లెలు వచ్చింది. హెల్మెట్ తియ్యకుండానే లోపలికి దూసుకొచ్చింది.

"ఏమైంది బావా? అక్కేది?"

"బాత్‌రూమ్‌కని వెళ్ళిందమ్మా. రేసు మధ్యలో..."

"రేసు మధ్యలోనా? అక్కా?"

ఎస్.ఐ. ఆమె భుజం మీద చెయ్యి వేసి బయటికి తీసుకొచ్చింది. "ఇలా చెప్పు. ఎందుకలా అన్నావు?"

"మా అక్క సంగతి మీకు తెలీదు మేడమ్. రేసు రోజు పొద్దున్నుంచి మంచినీళ్ళు ముట్టదు. ఎందుకంటే, మధ్యలో లేవాల్సొస్తుందని. ఎండలో నాలిక పిడచకట్టినా సరే. తన టీముదని ఆ పసుపు జెండా పట్టుకుని మొదటి ల్యాప్ నుంచి ఊపుతూనే ఉంటుంది. మా అమ్మ అనేది, దీనికి పెట్రోలు తాగించి పెంచానా అని."

"మీ బావకి కూడా ఇష్టమేనా ఇదంతా?"

"ఆయనకి కారుకీ ఎడ్లబండికీ తేడా తెలీదు. ఈసారి రెండో టికెట్ మీద నన్ను రమ్మంది అక్క. 'పక్కన కూర్చుని ఎప్పుడైపోతుందని అడిగేవాళ్ళతో నేను వేగలేనే, నువ్వు రా' అంది. పొద్దున తయారై కూర్చున్నాను. మెసేజ్ వచ్చింది, 'ఆయనే వస్తున్నారు, నువ్వు వద్దు' అని. ఎంత కోపమొచ్చిందో! ఫోన్ చేస్తే ఎత్తలేదు."

"మీ అక్క రాత్రుళ్ళు నిద్రపోవడం లేదా?"

"నిన్న ఒక్కరాత్రి. సంతోషంతో. ఏటా అంతే. రేసంతా టీవీలో రికార్డు పెట్టి మరీ బయల్దేరుతుంది. ఇక్కడ ఒక్క మలుపేగా కనబడేది, ఇంటికెళ్ళి మొత్తం చూసుకుంటుంది." చెల్లెలు పార్కింగ్ వైపు చెయ్యి చూపించింది. "మేడమ్, వాళ్ళెవరో క్వారీ దగ్గర తాళ్ళు దింపుతున్నారు. ఎందుకు?"

ఎస్.ఐ. వెనక్కి తిరిగింది. గబగబా లోపలికి నడిచింది. సంచీ తెరిచి జెండా విప్పింది. మడతలు. ఇస్త్రీ పెట్టె నొక్కిన మడతలు, కత్తి అంచుల్లా ఉన్నాయి. ఈరోజు దాన్ని ఎవరూ విప్పలేదు.

టేబుల్ వైపు చూసింది. హెడ్ తుడిచిన చోట అంచున ఇంకా కొంచెం నలుపు మిగిలింది. వేలితో అద్ది, రెండు వేళ్ళ మధ్య నలిపింది. ఇసుక కాదు. మట్టి కాదు. మెత్తగా, జిగురుగా ఉంది.

"ఇదేంటి?"

"టైర్ల రబ్బరు మేడమ్," అన్నాడు హెడ్. "మలుపు దగ్గర అరిగి ఎగురుతుంది. స్టాండ్‌లో అందరి నెత్తినా అదే."

పైన ఎక్కడో మోటారు చప్పుడు మొదలైంది. కార్లది కాదు.

"అదేం చప్పుడు?"

"సీట్లు శుభ్రం చేసేవాళ్ళు. గాలి మిషన్లు పెట్టి ఊదేస్తారు. పై వరస నుంచి దిగుతూ వస్తారు."

అప్పుడు పరిగెత్తింది ఎస్.ఐ. మోకాళ్ళ సంగతి మర్చిపోయి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. "ఆపండి! ఆపండయ్యా మిషన్లు!"

ఆగాయి. ఇంకా రెండు వరసలు దిగితే ఆ సీట్లే.

సమయం అయిదూ నలభై.

ఆమె చాలాసేపు వంగి చూసింది. తర్వాత నలుగురినీ పైకి పిలిపించింది. భర్త, చెల్లెలు, దర్జీ, మిషన్ల వాళ్ళ మేస్త్రీ.

"ఈ సీట్లు ఎప్పుడు తుడిచారు?"

"పొద్దున ఎనిమిదింటికండి," అన్నాడు మేస్త్రీ. "తడిగుడ్డ పెట్టించాను. అద్దంలా ఉన్నాయి."

"మా అత్తగారని ఒకావిడ ఉండేది," అంది ఎస్.ఐ. ఎవరితోనూ కాకుండా. "నేను డ్యూటీ నుంచి రాగానే కిటికీ మీద వేలితో గీత గీసి చూపించేది. ఇవాళ్టి దుమ్ము, నిన్నటి దుమ్ము అని తేడా చెప్పేది. పదేళ్ళు ఏడిపించింది. చదువు మాత్రం బాగా చెప్పింది." భర్త వైపు తిరిగింది. "మీరెక్కడ కూర్చున్నారు?"

అతను చూపించాడు. నీలం ప్లాస్టిక్ సీటు. పలచటి మసక తప్ప శుభ్రంగా ఉంది.

"అటు పక్కన?"

"ఎవరూ రాలేదు మేడమ్. పొద్దున్నుంచీ ఖాళీయే."

ఆమె ఆ ఖాళీ సీటు మీద వేలితో గీసింది. నల్లటి పొర మధ్య నీలం గీత పడింది. వేలు పైకెత్తి చూపించింది. కాటుక పెట్టుకోవచ్చు దానితో.

"ఇది పొద్దున్నుంచి సాయంత్రం దాకా రాలిన దుమ్ము. ఇప్పుడు ఇటు పక్క చూద్దాం. మీ ఆవిడ సీటు. పదింటి నుంచి మూడున్నర దాకా కూర్చుందన్నారు. అవునా?"

"అవును."

"కూర్చున్న సీటు మీద దుమ్ము పడదు. లేచి వెళ్ళాక పడినదే ఉండాలి. అంటే ఒక్క గంటది. పలచగా."

గీసింది. వేలు అంతే నల్లగా వచ్చింది.

సీటు నడుమ మాత్రం ఒక దీర్ఘచతురస్రం, అదే పలచటి మసక కింద, కడిగిన పళ్ళెంలా మెరుస్తోంది. ఎస్.ఐ. సంచీని తెచ్చి దాని మీద పెట్టింది. అంచుకి అంచు సరిపోయింది.

"పొద్దున్నుంచి ఈ సీట్లో కూర్చున్నది ఒక్కటే. ఈ సంచీ."

దర్జీ మెడలోని డిప్పలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"రెండు టికెట్లూ నువ్వే స్కాన్ చేశావు," అంది ఎస్.ఐ. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఆమె కూడా గమనించలేదు. "మీ ఆవిడ ఫోన్ నుంచి మరదలికి మెసేజ్ నువ్వే పెట్టావు. ఇంతమంది జనంలో తప్పిపోయిందంటే ఎవరైనా నమ్ముతారు. మేం క్వారీలో దేవుకుంటూ ఉంటాం. నీకు తెలియనిది ఒక్కటే. రేసు మధ్యలో లేచి వెళ్ళే మనిషి కాదు మీ ఆవిడ. పందొమ్మిదేళ్ళు కాపురం చేసి అది తెలుసుకోలేదు. ఎక్కడుంది?"

అతని టోపీ కింద చెమట కారుతోంది.

"బావా, అక్కేది?"

"నేను కావాలని చెయ్యలేదు." అతను ఖాళీ సీటులో కూలబడ్డాడు. "నన్ను కాదని నిన్ను తీసుకెళ్తానంది. టికెట్లు లాక్కున్నాను. మేడ మెట్ల మీద... ఒక్క తోపు. అంతే. కింద పడింది. రక్తం వచ్చింది. కదల్లేదు. మెట్ల కింద సామాన్ల గదిలోకి లాగి గడియ పెట్టాను. రాత్రికి ఏదో ఒకటి చేద్దామని..."

"ఊపిరి ఉందా?"

అతను టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఊపిరి ఉందో లేదో చూశావా?"

"భయమేసింది."

"చూశావా, లేదా?"

"లేదు."

చెల్లెలు అరవలేదు. స్కూటర్ తాళం పిడికిట్లో బిగించి అప్పటికే మెట్లు దిగుతోంది.

ఊళ్ళో ఉన్న పోలీసులంతా ఇవాళ ఇక్కడే ఉన్నారు. రోడ్డు మీద ఎనభై వేలమంది ఇంటిదారి పట్టారు. సర్క్యూట్ అంబులెన్స్ సైరన్ వేసుకుని ముందు నడిచింది, వెనకాలే చెల్లెలినీ ఎక్కించుకుని జీపు. స్టీరింగ్ హెడ్ చేతిలో ఉంది. పొద్దున్నుంచి రేసు చూడలేకపోయిన మనిషి, పేవ్‌మెంట్ మీద రెండు చక్రాలు ఎక్కించి బస్సుల మధ్య నుంచి, లారీల పక్క నుంచి తీశాడు. ఎస్.ఐ. ఒక చేత్తో హ్యాండిల్, ఒక చేత్తో చెల్లెలి మణికట్టు పట్టుకుంది. ఆ నాడి తన వేళ్ళ కింద పిచ్చిగా కొట్టుకుంటోంది. ఇంకో నాడి కొట్టుకుంటోందో లేదో తెలియదు.

ఏడు కావడానికి పది నిమిషాలుంది. మేడ ఇల్లు. ముందు గదిలో లైటు లేదు. టీవీ కింద పెట్టె మీద ఎర్రటి చుక్క వెలుగుతోంది.

గడియ తీశారు.

పాత బకెట్లకీ చాపలకీ మధ్య ఆవిడ గోడకి ఆనుకుని ఉంది. నీలం చుడీదార్. జుట్టుకి ఎండిన రక్తం అంటుకుంది. ఒక కాలు తిరగకూడని వైపు తిరిగి ఉంది. అంబులెన్స్ డాక్టరు మోకాళ్ళ మీద కూర్చుని మెడ దగ్గర వేళ్ళు పెట్టాడు. తల పైకెత్తి, ఉందన్నట్టు ఊపాడు.

"అక్కా!"

కళ్ళు తెరుచుకున్నాయి. తడిపిన దూది పెదవులకి అద్దితే ఆబగా చప్పరించింది. మాట రావడానికి కొంచెంసేపు పట్టింది.

"కళ్ళు తెరిచేసరికి చీకటే. కారు స్టార్టయింది. పిలిచాను. గేటు దాటి సందు చివర గేరు మార్చేదాకా వింటూనే ఉన్నాను. మొదటి గేరులోనే ఈడ్చాడు అంతదూరం." ఆగి ఊపిరి పీల్చుకుంది. "ఎన్నిసార్లు చెప్పానో, అలా నడపొద్దని."

చెల్లెలు ఏడుపు ఆపుకోలేకపోయింది. స్ట్రెచర్ ఎత్తారు. ముందు గదిలోకి వచ్చాక ఆవిడ చెయ్యి పైకి లేచింది. ఆగమన్నట్టు.

హెడ్ కానిస్టేబుల్ ఆవిడ దగ్గరికి వచ్చాడు. ముఖమంతా సంబరం. పొద్దున్నుంచి వినేవాడు లేక కడుపులో దాచుకున్న మాట నాలిక చివరికి వచ్చేసింది. "అమ్మా, ఇవాళ మీ..."

ఎస్.ఐ. అతని బూటు మీద బూటుతో తొక్కింది.

ఆవిడ ఆ ఎర్రటి చుక్క వైపు చూస్తోంది.

"ఎవరు గెలిచారో మాత్రం చెప్పకండి," అంది. "రికార్డు పెట్టాను."